మేస్త్రీ లేని మగ్గాల శాల

మేస్త్రీ కేక వేయనిదే పని సాగదను నమ్మకము మనలో లోతుగా పాతుకొనిపోయినది. పొలమున పాలేరుపై పెద్దపాలేరు, మిల్లులో నేతగానిపై జాబరు, జాబరుపై సూపర్‌వైజరు. ఈ మెట్ల వరుస లేకున్న కర్మాగారము సంతగా మారునని మనము తలచుచుందుము. 1953లో అహమ్మదాబాదున ఈ నమ్మకమునకు ఒక పరీక్ష జరిగినది.

కాలికో మిల్లు అన్నంతనే సారాభాయి కుటుంబము స్ఫురించును. 1918లో ఆ నగరపు మిల్లు కార్మికులు సమ్మె చేసినప్పుడు యజమానుల పక్షమున అంబాలాల్ సారాభాయి నిలువగా, ఆయన అక్క అనసూయాబెన్ గాంధీజీతో కలసి కార్మికుల పక్షమున నిలిచెను. ఆనాటి తగవు కూలి ఎంత అన్నది. ముప్పదియైదేండ్ల తరువాత పుట్టిన ప్రశ్న వేరు: పనిని నడుపవలసినది ఎవరు?

1952లో కాలికో వారి మిల్లున స్వయంచాలక మగ్గములు వెలసినవి. యంత్రములు కొత్తవి, ఫలితము మాత్రము ఆశించినంత లేదు. అంబాలాల్ కుమారుడు గౌతమ్ సారాభాయి నిర్వహణలో నున్న ఆ మిల్లునకు లండనులోని టావిస్టాక్ సంస్థనుండి ఎ. కె. రైస్ వచ్చెను.

ఆయన చూచిన శాలలో 224 మగ్గములు, 29 మంది పనివారు. పనులు మాత్రము పన్నెండు రకములు! కండెలు నింపువాడొకడు, తెగిన పడుగు అతుకువాడొకడు, నూనె వేయువాడొకడు, నేసిన బట్ట మోయువాడు మరొకడు. నేతగాండ్రు ఎనమండుగురు, కండెలవారు ఐదుగురు, పడుగు అతుకువారు ముగ్గురు. లెక్క కట్టి చూచినచో ఒక్కొక్క నేతగానికి దక్కినది కండెలవానిలో ఎనిమిదింట ఐదు పాళ్లు, అతుకువానిలో మూడు పాళ్లు. మూడు పాళ్ల మనిషితో సఖ్యముగా పనిచేయుట ఎట్లో మాకు తోచదు. ఒకని పని మరొకనిపై ఆధారపడియే యున్నను, ఒకనికి మరొకడు జవాబుదారి కాడు. నూలు తెగినను, కండె చాలకున్నను అందరి చూపులును పైవానివైపే.

రైస్ సూచించినది చిన్న మార్పు. కొన్ని మగ్గములకు ఒక జట్టు. జట్టులోనే ఒక పెద్ద. పనులు తమలో తాము పంచుకొనుట. ఈ మాట చెవిని పడినంతనే ఎవరు ఏ జట్టో కార్మికులే తేల్చుకొనిరి! ఈ ఘట్టమే మాకు అన్నింటికంటె ముఖ్యముగా తోచును. వారికి తమ పని తెలియును. అడిగినవారే ఇంతవరకు లేకుండిరి.

అరువది పనిదినముల తరువాత మగ్గముల సామర్థ్యము నూటికి 80 నుండి 95కు పెరిగెను. చెడిన బట్ట 32 పాళ్లనుండి 20కి తగ్గెను. రైస్ ఈ వృత్తాంతమును 1958లో గ్రంథముగా ప్రకటించెను. అయితే జట్టు పద్ధతితోపాటు కూలియు పెరిగినది గదా, ఫలము దేనివలన వచ్చినదని తరువాతి పండితులు ప్రశ్నించిరి. ప్రశ్న న్యాయమైనదే. ఆకలిగొన్నవానికి గౌరవ మొక్కటే చాలదు.

1970లో టావిస్టాక్ సంస్థకే చెందిన ఎరిక్ మిల్లర్ అదే మిల్లును మరల దర్శించెను. స్వయంచాలక మగ్గముల శాలలో జట్లు చాలవరకు సడలిపోయి పాత పద్ధతి తిరిగి తలయెత్తెను. ఒత్తిడి పెరిగిననాడు పైవారి చేయి మగ్గముమీదికి మరల రాకుండునా? కాని సాధారణ మగ్గములున్న మరియొక శాలలో మాత్రము, తొలినాళ్లలో ఏర్పరచుకొన్న జట్టు పద్ధతి ఇంచుమించు చెక్కుచెదరక అట్లే సాగుచుండెను.