మైదానమున మన పెద్దలు

మా ధర్మపురి 1965 అక్టోబరు 2వ తేదీ వరకు సేలము జిల్లాలో ఒక భాగము. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఈ ప్రాంతపు బాలుడు కళాశాల చదువు కోరినచో సేలమునకో, చెన్నపట్టణమునకో పయనము కట్టవలసియుండెను. అట్లు పోయిన విద్యార్థికి పుస్తకములతో పాటు ఆటస్థలమును క్రొత్త లోకమే. ఆ లోకమున మన తెలుగువారు నెలకొల్పిన ఘనతను మన యిండ్లలో నేడు చెప్పుకొనువారు తక్కువ. కావున ఆ కథను ఇచట స్మరింపదలచితిమి.

చెన్నపట్టణమున 1846లో వెలసిన మద్రాసు క్రికెట్ క్లబ్బు ఐరోపావారికి మాత్రమే పరిమితము. ఆట నేర్చిన భారతీయునకు అందు సభ్యత్వము లేదు. ఈ అవమానమునకు ప్రత్యుత్తరము చెప్పినవాడు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. లోకము ఆయనను బుచ్చిబాబు అని పిలిచెను. 1868లో సంపన్న తెలుగు కుటుంబమున జన్మించిన ఆయన ఫిర్యాదులతో కాలము పుచ్చలేదు. 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, ఎస్ప్లనేడు మైదానమున మన యువకులకు చోటు కల్పించెను. బ్యాటు కొనలేని వారికి తన ధనముతో ఆటసామగ్రి సమకూర్చెను.

తెల్లవారితో మనవారు సమానముగా నిలిచి ఆడవలెనన్నది ఆయన కోరిక. ఆ పోటీ 1908 డిసెంబరునకు నిశ్చయమయ్యెను. కాని పోటీకి ముందే ఆయన పరమపదించెను. కలలు కన్నవాడు లేకున్నను ఆట ఆగలేదు, బి. సుబ్రహ్మణ్యం నాయకత్వమున భారతీయుల జట్టు మైదానమున దిగెను. 1916 నుండి ఈ పోటీలు సంక్రాంతి దినములలో జరుగు ప్రెసిడెన్సీ పోటీలుగా పేరొంది, 1952 వరకు సాగెను.

ఈ తపన ఒక్క చెన్నపట్టణమునకే చెందినది కాదు. 1911 జులై 29న కలకత్తాలో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్టు, ఒక్కడు తప్ప అందరును బూట్లు లేకయే ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ సైనిక జట్టును 2-1 తేడాతో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచెను. బంతి వేఱు, మైదానము వేఱు. పట్టుదల మాత్రము ఒక్కటే.

బుచ్చిబాబు కుమారులలో ఒకడు మాతామహుని యింటికి దత్తుడై పోయి కోటా రామస్వామి అయ్యెను. తండ్రి మరణించునాటికి అతనికి పండ్రెండేండ్లు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము తరపున టెన్నిస్ ఆడి, 1922లో డేవిస్ కప్పు పోటీలలో భారతదేశమునకు ప్రాతినిధ్యము వహించెను. 1936 జులైలో మాంచెస్టరు నగరమున, తన నలువదవ యేట, తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేసెను. ఆ జట్టునకు నాయకుడు విజయనగర మహారాజకుమారుడు. 1932లో భారతదేశపు తొలి టెస్టునకు నాయకత్వము వహించిన సి.కె. నాయుడును అందు కలడు. ఒక్క జట్టులో ఈ ముగ్గురు తెలుగువారు! మువ్వురును పుట్టిన ఊళ్లు వేఱు, పెరిగిన నేలలు వేఱు.

బుచ్చిబాబు పేర జరుగు పోటీల వార్తలు నేటికిని పత్రికలలో వచ్చుచున్నవి. ఆ పేరు తెలుగువానిదని మన బిడ్డలలో ఎందరికి తెలియును? తమిళదేశమున తరతరములుగా నివసించుచు ఈ నేలను మన నేలగా భావించితిమి, భావింపవలసినదే. బుచ్చిబాబు కూర్చిన మైదానము తెలుగువారికొఱకు మాత్రమే కాదు, ఆట తెలిసిన ప్రతి భారతీయునికొఱకు. ఉన్న యూరికి ఉపకరించుచు తన భాషను మరువకుండుట రెండును కూడిన పనులే. మూసిన తలుపు ముందు నిలిచి విలపింపక, ప్రక్కనే మఱియొక గుమ్మము తెరచిన ఆ పెద్దను మన పిల్లలకు తెలుగులోనే పరిచయము చేయుదము.