లీటరు లెక్క – పొదుపు కార్ల చరిత్ర నేర్పే పాఠం

పదవీ విరమణ పిమ్మట చేతికి వచ్చిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ములోనుంచి ఒక చిన్న కారు కొనుక్కోవాలనే ఆలోచన మనలో చాలామందికి కలుగుతుంది. మోకాళ్ల నొప్పులు, ఆసుపత్రి రాకపోకలు, బంధువుల ఇళ్లలో శుభకార్యాలు – అవసరమూ లేకపోలేదు. అయితే ఏ కారు కొనాలన్న ప్రశ్నకు కంపెనీల ప్రకటనలకన్నా గడచిన యాభై ఏళ్ల చరిత్రే మంచి సమాధానం చెబుతుంది.

1973 అక్టోబరులో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం వచ్చినప్పుడు అరబ్బు దేశాలు అమెరికా తదితర దేశాలకు చమురు ఆపివేశాయి. అంతకుముందు బ్యారెల్ 3 డాలర్ల ప్రాంతంలో ఉన్న ధర 1974 జనవరి నాటికి 12 డాలర్లకు చేరువైంది. పెద్ద పెద్ద కార్లకు అలవాటుపడిన అమెరికా, 1975లో చట్టం చేసి, కంపెనీలు అమ్మే కార్లు సగటున గ్యాలనుకు ఇన్ని మైళ్లు నడిచి తీరాలని నిబంధన పెట్టింది. ఆ రోజుల్లోనే జపాను కంపెనీ హోండా, పెట్రోలు మరింత పూర్తిగా మండే ఇంజనును సివిక్ కారులో అమర్చి, అమెరికా పొగ నిబంధనలను నెరవేర్చింది. పొదుపు, పరిశుభ్రత ఒకే బండిలో సాధ్యమేనని రుజువైంది.

మన దేశంలో ఆనాడు అంబాసిడర్, ఫియట్ కార్లదే రాజ్యం. ఆఫీసు ముందు ఆగిన తెల్ల అంబాసిడర్‌ను చూసి ఎవరు వచ్చారోనని సర్దుకు కూర్చున్న రోజులు మనకు గుర్తే. చాలాకాలం నడిచిన ఆ కారు ఇంజను 1489 సి.సి., బరువు 1,100 కిలోల పైచిలుకు. గట్టి బండే గాని పెట్రోలు తాగడంలోనూ గట్టిదే.

1981లో ప్రభుత్వరంగంలో మారుతి ఉద్యోగ్ ఏర్పడింది. 1982లో జపాను కంపెనీ సుజుకీతో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళంచెవిని నాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ యజమానికి అందజేశారు. మూడు సిలిండర్లు, 796 సి.సి. ఇంజను, అంబాసిడర్‌లో ఇంచుమించు సగం బరువు. బరువు తగ్గితే లాగే శ్రమ తగ్గుతుంది, ఇంధనం మిగులుతుంది. ఈ చిన్న సూత్రమే మధ్యతరగతిని కారెక్కించింది.

పొగ సంగతి మనవారు కొంత ఆలస్యంగా పట్టించుకున్నారు. పెట్రోలు బండ్లకు 1991లో తొలి పరిమితులు వచ్చాయి. 1995లో నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కెటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయింది, దానికోసం సీసం కలపని పెట్రోలు వచ్చింది. 2000 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. 2017లో భారత్ స్టేజ్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 దేశమంతటా అమలులోకి వచ్చాయి.

ఈ చరిత్రలో మనం ముఖ్యంగా గమనించవలసినది డీజిల్ కథ. రైతులు, లారీలు, బస్సుల కోసమని ప్రభుత్వం చాలాకాలం డీజిల్ ధరను అదుపులో ఉంచింది. 2010 జూన్‌లో పెట్రోలు ధరపై నియంత్రణ ఎత్తివేశారు గాని డీజిల్‌ను వదలలేదు. రెండింటి మధ్య అంతరం పెరిగింది. ఆ చౌకను నమ్మి ఎందరో అధిక ధర పెట్టి డీజిల్ కార్లు కొన్నారు. 2014 అక్టోబరులో డీజిల్ నియంత్రణా పోయింది. 2020 జూన్‌లో ఢిల్లీలో డీజిల్ ధర పెట్రోలునే దాటింది! పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగరాదని హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించగా, 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. దేశంలో అత్యధికంగా కార్లు అమ్మే మారుతి సుజుకీయే 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు మానివేసింది.

దీనినుంచి తేలేది ఒక్కటే. ఇంధనం చౌక అన్నది సర్కారు చేతిలోని మాట, ఒక్క ఉత్తర్వుతో మారిపోతుంది. బండి తాగే లీటర్లు తక్కువ కావడమే మన చేతిలో నిలిచే లాభం. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. కనుక మిగిల్చిన ప్రతి లీటరూ జేబుకూ మేలు, గాలికీ మేలు.

ఇక పెన్షనరు లెక్క చూద్దాం. మనవంటివారు ఏడాదికి 5,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండికి 417 లీటర్లు, 20 ఇచ్చే బండికి 250 లీటర్లు కావాలి. తేడా 167 లీటర్లు. లీటరు వంద రూపాయలు వేసుకున్నా ఏడాదికి 16,700 రూపాయలు మిగులు, గాలిలో 380 కిలోల వాయువు తక్కువ. కాని 20 బదులు 25 ఇచ్చే బండికి మిగిలేది 50 లీటర్లే, అంటే 5,000 రూపాయలు. దానికోసం లక్ష రూపాయలు ఎక్కువ పెడితే ఆ లక్ష తిరిగి రావడానికి 20 ఏళ్లు పడుతుంది! హైబ్రిడ్, సి.ఎన్.జి., విద్యుత్ కార్లకైనా ఇదే లెక్క వేసుకోవాలి. నిత్యం దూరం తిరిగేవారికి అవి గిట్టుబాటు కావచ్చు, వారానికి ఒకసారి బండి తీసేవారికి కాకపోవచ్చు.

కాబట్టి మిత్రులారా, కొనేముందు మన ఏడాది కిలోమీటర్లు ఎన్నో కాగితంమీద వేసుకుందాం. ప్రకటనలోని మైలేజి పరీక్షలో వచ్చినది, ఊరి ట్రాఫిక్‌లో అంత రాదని గుర్తుంచుకుందాం. అవసరానికి మించిన బరువు, ఇంజను కోరుకోవద్దు. కొన్నాక టైర్లలో గాలి, వేళకు సర్వీసింగు, నిదానంగా నడపడం – ఇవి ఖర్చులేని పొదుపులు. మనకు కావలసిన ముడిచమురులో 80 శాతానికి పైగా విదేశాలనుంచే వస్తున్నది. మనం మిగిల్చే లీటరు మన ఇంటి పద్దులోనే కాదు, దేశం పద్దులో కూడా జమ అవుతుంది.