ఈదురుగాలులలో చిన్న విమానాల ల్యాండింగు ప్రమాదాలు

ఈదురుగాలులు వీచే సమయంలో నేలకు దిగుతున్న చిన్న విమానం అదుపు తప్పి రన్‌వే పక్కకు జారిపోవడం, ముందు చక్రం విరగడం, రెక్క నేలకు తగలడం వంటివి ఈ కోవకు చెందిన ప్రమాదాలు. వీటిలో చాలావాటిలో విమానం దెబ్బతిన్నా అందులోనివారు బయటపడతారు. అయితే నేలకు కొద్ది ఎత్తులో వేగం పడిపోయినపుడు ప్రాణనష్టం కూడా సంభవించగలదు.

కారణాలు

బలమైన గాలి కంటే నిలకడ లేని గాలి ఎక్కువ ప్రమాదకరం. విమానాన్ని పైకి నిలిపేది నేలపై దాని వేగం కాదు, రెక్కల మీదుగా సాగే గాలి వేగం. శిక్షణకు వాడే సెస్నా 152 గరిష్ఠ బరువు 757 కిలోలు, దిగేటప్పుడు దాని వేగం సుమారు 60 నాట్లు (గంటకు 111 కి.మీ.). ఎదురుగాలి 22 నాట్ల నుండి హఠాత్తుగా 12 నాట్లకు పడిపోతే రెక్కలకు అందే గాలి వేగం 50 నాట్లకు దిగుతుంది. ఎత్తిపట్టే బలం వేగం వర్గాన్ని అనుసరించి మారుతుంది కనుక ఆ క్షణంలో దాదాపు 30 శాతం బలం పోతుంది. 140 నాట్ల వేగంతో దిగే పెద్ద విమానానికి ఇదే మార్పు వలన కలిగే నష్టం 14 శాతం లోపే.

రన్‌వేకు అడ్డంగా వీచే గాలి మరొక చిక్కు. పైలట్ విమానం ముక్కును గాలి వైపు తిప్పి వచ్చి చివరి క్షణంలో సరిచేయవచ్చు, లేదా గాలి వైపు రెక్కను దించి రావచ్చు. సెస్నా 152 తయారీదారు పరీక్షించి చూపిన అడ్డగాలి 12 నాట్లు మాత్రమే.

జాగ్రత్తలు

గాలి హెచ్చుతగ్గుల తేడాలో సగాన్ని దిగే వేగానికి కలపడం పైలట్లు పాటించే పద్ధతి. పై ఉదాహరణలో తేడా 10 నాట్లు కాబట్టి 5 కలపాలి. అంతకు మించితే విమానం నేలను తాకక తేలిపోతుంది, తాకినా ఎగిరి పడుతుంది. కుదరదనిపిస్తే దిగడం మానుకొని మళ్ళీ పైకి లేవడం, అవసరమైతే వేరే విమానాశ్రయానికి మళ్ళడం అన్నిటికన్నా క్షేమం. ఈ నిర్ణయం ఆలస్యం కావడమే చాలాసార్లు ప్రమాదానికి దారితీస్తుంది.

ఖమ్మం - భద్రాచలం అటవీ సరిహద్దు

వేరే విమానాశ్రయానికి మళ్ళడం అన్నిచోట్లా సులభం కాదు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలలో పౌర విమానాశ్రయం లేదు. భద్రాచలం నుండి రాజమండ్రి, గన్నవరం విమానాశ్రయాలు రెండూ సరళరేఖలో వంద కిలోమీటర్లకు పైనే. నడుమ గోదావరి, కొండలు, దట్టమైన అడవులు ఉన్నాయి. ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నం తరువాత ఉరుములతో గాలివానలు వస్తాయి. వర్షాకాలంలో మేఘాలు కొండలను కప్పివేస్తాయి. అందుచేత ఇటువైపు ఎగిరేవారు మళ్ళింపుకు కావలసిన ఇంధనాన్ని బయలుదేరక మునుపే లెక్క వేసుకోవాలి.

2008 ఆగస్టులో హైదరాబాదు నుండి జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ వెళ్ళవలసిన బెల్ 430 హెలికాప్టరు ఈ సరిహద్దు ప్రాంతంలో అదృశ్యమైంది. అది దిగుతూ జరిగిన ప్రమాదం కాదు. కానీ ఈ అడవిలో ఆపదలో పడినవారిని వెదకడం ఎంత కష్టమో దాని వలన తెలిసింది. శకలాలు ఆ ఏడాది నవంబరులో గాని ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా అడవిలో బయటపడలేదు. అందులోని నలుగురూ మరణించారు.