పుట్టింటి పురుడు, పాలమీది నమ్మకం

మన పూర్వులు తెలుగునేల విడిచి దక్షిణానికి వచ్చినప్పుడు వెంట ఏమేమి తెచ్చుకొన్నారని అడిగితే కత్తి, నాగలి, మగ్గం అని చెబుతారు. అది నిజమే. పదునాలుగవ శతాబ్దంలో కుమార కంపనతో వచ్చిన దండులోనివారు కొందరు. 1529లో విశ్వనాథ నాయకుడు మధురలో పరిపాలన ఆరంభించిన తరువాత డెబ్బదిరెండు పాళెములలో స్థిరపడినవారు కొందరు. కోయంబత్తూరు సీమలో నల్లరేగడి చూచి అరకలు కట్టినవారు, మగ్గాలు దించిన దేవాంగులు, చెప్పులు కుట్టి చాకిరి చేసి ఇప్పటికీ ఇంట తెలుగే మాట్లాడే అరుంధతీయులు, వీరంతా మనవారే. చరిత్ర గ్రంథాలలో వీరి కత్తులకూ కోటలకూ చోటు దొరికింది. ఆ బండ్లలోనే కూర్చుండి వచ్చిన ముసలమ్మలకు మాత్రం దొరకలేదు. చూలాలిని ఎట్లా చూసుకోవాలో, బాలింతకు ధైర్యం ఎట్లా చెప్పాలో తెలిసినవారు వారే. ఈ ఉగాది సంచికలో వారిని గురించి నాలుగు మాటలు వ్రాయాలని మా కోరిక.

ఈ కోరిక ఊరక పుట్టలేదు. మా అన్నగారి మనుమరాలు ఒక పెద్ద పట్టణంలో ఉద్యోగం చేస్తూ, అక్కడి ఆసుపత్రిలోనే మొదటి కాన్పు కన్నది. పుట్టింటికి రావడానికి సెలవు చాలలేదు. మొదటి రాత్రే అక్కడివారు సీసా పట్టుకొని వచ్చి, “మీకు పాలు పడలేదు, బిడ్డ ఆకలితో ఏడుస్తున్నది” అన్నారట. చదువుకొన్న పిల్ల, లెక్కలలో దిట్ట. అయినా ఆ ఒక్క మాటతో బెదిరిపోయింది. తెల్లవారి మా వదినగారు రైలు దిగి నేరుగా అక్కడికే వెళ్ళారు. చూడవచ్చినవారిని బయటికి పంపి తలుపు చేరవేసి, బిడ్డను తల్లి రొమ్ముమీద పడుకోబెట్టి, పక్కనే కూర్చున్నారు. మూడవనాటికి పాలు పడ్డాయి. పడడం ప్రకృతి ధర్మం; ఎక్కువమంది తల్లులకు రెండునుంచి నాలుగు రోజులలో పడనే పడతాయి. వదినగారు ఏ మందూ వేయలేదు. ఆ మూడు రోజులూ ఆ పిల్ల చెయ్యి వదలలేదు, అంతే.

మన ఇండ్లలో ఈ చెయ్యి పట్టుకొనడం కాన్పునాడు మొదలయ్యేది కాదు. అయిదవ నెలలోగాని, ఏడవ నెలలోగాని, తొమ్మిదవ నెలలోగాని సీమంతం చేసి, రెండు చేతులనిండా గాజులు తొడిగి, పుట్టింటికి పిలుచుకొని వచ్చేవారు. తమిళులు వళైకాప్పు అనే వేడుక ఇదే. ఎవరినుంచి ఎవరు నేర్చుకొన్నారన్న తగవు మనకు వద్దు. వేడుక వెనుక ఉన్న ఏర్పాటే ముఖ్యం. అత్తింట తెల్లవారక ముందే లేచి నీళ్ళు తోడే కోడలు, పుట్టింటికి వచ్చి కూతురయ్యేది. పగలు కాసేపు నడుము వాల్చినా అడిగేవారు లేరు. ఆమె ముందర చెడ్డ కాన్పుల కథలు చెప్పరాదు, చావు కబురు చెప్పరాదు, కేకలు వేయరాదు అని ఇంట కట్టడి. సందెవేళ తలకు నూనె రాసి జడ అల్లుతూ పెద్దవాళ్ళు ఏదో పాట కూనిరాగం తీస్తుంటే ఆ పిల్ల కళ్ళు మూసుకొని వింటూ ఉండేది. ఇప్పటి డాక్టర్లు దీనిని విశ్రాంతి సాధన అంటున్నారు. మా అవ్వలు దానికి పేరే పెట్టలేదు.

పేరు పెట్టకపోయినా పాత వైద్యగ్రంథాలకు ఈ సంగతి తెలుసు. గర్భిణిని నిండా నూనె పోసిన పాత్రవలె తొణకనీయకుండా చూసుకోవాలని చరకుడు చెప్పాడు. బిడ్డను తలచినా, చూచినా, తాకినా తల్లికి పాలు పారతాయనీ, ఎడతెగని స్నేహమే దానికి కారణమనీ సుశ్రుతుడు అన్నాడు. కోపంవల్ల, దుఃఖంవల్ల, వాత్సల్యం లేకపోవడంవల్ల పాలు పోతాయని కూడా అన్నాడు. ఈ చివరి మాట మాత్రం మాకు మింగుడుపడదు. పాలు తక్కువైన తల్లిని ప్రేమ లేనిదనడం అన్యాయం. అట్టి మాట విన్న తల్లికి ఉన్న పాలుకూడా ఎగదన్నుకొని పోతాయి.

దుఃఖం సంగతికి వస్తే, మధుర చరిత్రలోనే ఒక ఘట్టం ఉన్నది. గాంధీ స్మారక మ్యూజియం ఉన్న తముక్కం మహలు చూడనివారు మనలో అరుదు. రాణీ మంగమ్మగారి వేసవి విడిది అది. ఆమె కొడుకు రంగకృష్ణ ముత్తువీరప్ప నాయకుడు 1689లో మశూచి సోకి చిన్న వయసులోనే చనిపోయాడు. అప్పటికి అతని భార్య ముత్తమ్మ గర్భిణి. ఆమె సహగమనం చేస్తానని పట్టుపట్టింది. కడుపులో బిడ్డ ఉన్నదని మంగమ్మగారు బ్రతిమాలి ఆపారు. నెలలు నిండి మగబిడ్డ కలిగాడు. కాన్పు అయిన కొద్దిరోజులకే ముత్తమ్మ ప్రాణం తీసుకొన్నదని చరిత్రకారులు చెబుతారు. పసివాడు విజయరంగ చొక్కనాథుడిని మూడవ నెలలోనే గద్దెమీద కూర్చోబెట్టి, నాయనమ్మ అతని పేర రాజ్యం నడిపింది. ఆమె వేయించిన బాటలు, సత్రాలు, చెరువులు ఈనాటికీ ఆమె పేరు చెబుతున్నాయి.

మేము చిన్నప్పుడు ఈ కథను మంగమ్మగారి శౌర్యానికి నిదర్శనంగా విన్నాము. ఇప్పుడు వింటే ఆ అంతఃపురపు గది కళ్ళముందు నిలుస్తున్నది. నెలలు మోస్తూ చావునే తలపోసుకొన్న పిల్ల, ఆమెను కాపాడబోయి బిడ్డను మాత్రమే కాపాడగలిగిన అత్త. దాదులు, వైద్యులు, దాసీలు ఎందరు ఉన్నా ఆ దుఃఖాన్ని పంచుకొనే మనిషి లేకపోతే రాణివాసం కూడా అడవే. కాన్పుకు ముందూ వెనుకా వచ్చే మనోవ్యథను నేడు జబ్బుగా గుర్తించి చికిత్స చేస్తున్నారు. మన ఇండ్లలో ఇంకా “బాలింత ఏడవకూడదు” అని గద్దించి ఊరుకుంటున్నాము. ఏడుపు పదిహేను రోజులు దాటి నిలిచినా, బ్రతుకుమీద విసుగు మాటలు వినబడినా, గద్దించడం మాని డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళవలసినదే.

ఇక మనసుకూ పాలకూ సంబంధం ఏమిటన్నది. పాలు తయారుకావడం ఒకటి, తయారైన పాలు దిగి రావడం మరొకటి. బిడ్డ నోరు తగలగానే తల్లి మెదడు దిగువనున్న గ్రంథినుంచి ఆక్సిటోసిన్ అనే రసం రక్తంలోకి వస్తుంది. అది పాలతిత్తుల చుట్టూ ఉన్న సన్నని కండరాలను బిగించి పాలను ముందుకు నెడుతుంది. భయం, నొప్పి, గాభరా ఈ రసాన్ని అడ్డుకొంటాయి. 1948లో అమెరికాలో నైల్స్ న్యూటన్, మైకేల్ న్యూటన్ అనే దంపతులు దీనిని పరీక్షించి చూపారు. పాలిచ్చే తల్లి కాళ్ళను మంచునీళ్ళలో పెట్టించారు, కాలి బొటనవేలు నొప్పి పుట్టేటట్టు లాగారు, గబగబా లెక్కలు అడిగారు. మామూలు రోజున బిడ్డ 168 గ్రాముల పాలు తాగితే, ఈ ఉపద్రవాల రోజున 99 గ్రాములే తాగింది. ఉపద్రవాలు అట్లాగే ఉంచి ఆక్సిటోసిన్ సూదిమందు ఇచ్చినప్పుడు 153 గ్రాములు వచ్చాయి. అంటే పాలు ఎక్కడికీ పోలేదు, దిగిరావడానికే జంకాయి. మంచునీళ్ళు లేకపోయినా, గదినిండా చుట్టాలు చేరి “ఇంకా పాలు రాలేదా?” అని గంటకొకసారి అడగడం అటువంటి ఉపద్రవమే.

తరువాత వచ్చిన పరిశోధనలుకూడా ఇదే దారిని పోయాయి. 1989లో అమెరికాలోనే, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల తల్లులకు మనసును కుదుటపరచే మాటల టేపు వినిపిస్తే, వినని తల్లులకంటె ఒక్క విడతలో 63 శాతం ఎక్కువ పాలు పిండగలిగారు. 2019లో మలేషియాలో తొలిచూలు తల్లులతో చేసిన పరిశోధనలో, అటువంటి పలుకులు విన్నవారి పిల్లలు ఎక్కువ నిద్రపోయి ఎక్కువ బరువు పెరిగారు. ఇవి కాన్పు తరువాతి సంగతులు. కాన్పుకు ముందు భయాన్ని పోగొట్టాలన్న వాదం ఇంగ్లాండులో గ్రాంట్లీ డిక్-రీడ్ అనే డాక్టరు 1933లోనే పుస్తకంగా వ్రాశాడు. 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికా ఆసుపత్రిలో రోగులకు నేర్పిన మైండ్‌ఫుల్‌నెస్ సాధనను 1998నుంచి నాన్సీ బార్డకీ అనే మంత్రసాని గర్భిణులకు అనువుగా మార్చి నేర్పింది. ఊపిరిమీద ధ్యానముంచడం బౌద్ధులనుంచి అక్కడికి వెళ్ళిన విద్యే. మన విద్య సముద్రం దాటి రుసుముతో తిరిగి వచ్చిందని మేము నవ్వుకొంటాము.

అన్నిటికంటె మాకు నచ్చినది కెనడాలో సిండీ-లీ డెన్నిస్ చెప్పిన మాట. తల్లికి పాలిచ్చే శక్తి ఎంత ఉన్నదన్నదే కాక, ఇవ్వగలనన్న నమ్మకం ఎంత ఉన్నదో కొలవాలని ఆమె 1999లో ఒక కొలమానం తయారుచేసింది. ఆ నమ్మకం నాలుగు ఊటలనుంచి వస్తుందన్న సిద్ధాంతం బందూరా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞునిది: తాను చేసి గెలిచిన అనుభవం, ఇతరులు చేస్తుండగా చూడడం, నమ్మినవారు చెప్పే ధైర్యం, తన ఒంటి మనసుల నెమ్మది. తొలిచూలు పిల్లకు మొదటి ఊట ఉండదు. మిగిలిన మూడూ పుట్టింట ఉండేవి. పెరటిలో అక్క బిడ్డకు పాలిస్తుంటే చూసేది. అమ్మ, అవ్వ ధైర్యం చెప్పేవారు. నెమ్మది సంగతి పైన చెప్పనే చెప్పాము. గదిలో ఒంటరిగా పెరిగి, పసిబిడ్డకు పాలివ్వడం ఒక్కసారీ దగ్గరనుండి చూడకుండా తల్లి అయ్యే నేటి పిల్లకు ఈ మూడూ ఎక్కడినుంచి రావాలి?

పాతదంతా బంగారమని మేము అనడం లేదు. మా ఇండ్లలో జరిగిన పెద్ద తప్పు ముర్రుపాలు పిండి పారబోయడం. చిక్కగా పచ్చగా ఉన్నాయని, చెడిపాలు అని, మూడు రోజులు బిడ్డకు తేనో చక్కెర నీళ్ళో ఆముదమో నాకించేవారు. సుశ్రుతుడు కూడా మొదటి రోజులకు తేనె నెయ్యి చెప్పాడు కనుక శాస్త్రమే అన్నారు. ఆ పాలు చెంచాడు రెండు చెంచాలే ఉంటాయి. మొదటి రోజు బిడ్డకు కావలసినదీ అంతే. రోగాలనుంచి కాపాడే గుణం వాటిలో దండిగా ఉన్నది. కాన్పు అయిన గంటలోపల రొమ్ము అందించాలి, ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలి, నీళ్ళుకూడా వద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బాలింతకు నీళ్ళు కొలిచి ఇచ్చే పద్ధతికూడా మానవలసినదే. వెల్లుల్లి, మెంతులు, మునగాకు పెట్టండి, తప్పులేదు. కాని పాలు పెరిగేది ముఖ్యంగా బిడ్డ పదేపదే తాగడంవల్ల.

పుట్టింటికి వెళ్ళే వీలే లేని ఆడవాళ్ళను గురించి మన పెద్దలు ఎక్కువ మాట్లాడలేదు. కోయంబత్తూరులో మొదటి నూలుమిల్లు 1888లో వచ్చింది. జి. కుప్పుస్వామి నాయుడుగారు 1910లో లక్ష్మీ మిల్లు పెట్టారు. పైకారా కరెంటు వచ్చిన తరువాత 1930ల నుండి మిల్లులు పుట్టగొడుగులవలె లేచాయి. వాటిలో నూలు చుట్టే పనికి ఆడవాళ్ళు వెళ్ళారు. బాలింత ఒడిలో పాలు తడిసిన రవికతో మరచుట్టు ముందర నిలుచున్న సంగతి మన మిల్లుల చరిత్రలో కూడా భాగమే. మదరాసు ప్రసూతి చట్టం 1934లో వచ్చింది. 1961లో కేంద్ర చట్టం వచ్చి, బిడ్డకు పదిహేను నెలలు నిండేవరకు పని మధ్య రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలన్నది. 2017లో సెలవు ఇరవైయారు వారాలు అయింది. డబ్బాపాలను, పాలసీసాలను పొగిడే ప్రకటనలను 1992 చట్టం నిషేధించింది. ఈ చట్టాలన్నీ కలిసి చేసే పని పుట్టింటివారు చేసేదే. కూలిపనికి వెళ్ళే తల్లులకు మాత్రం ఇవీ సరిగా అందడం లేదు.

మధురలో అరవింద కంటి ఆసుపత్రిని 1976లో పదకొండు పడకలతో ఆరంభించిన డాక్టర్ జి. వెంకటస్వామిగారిని ఎరుగనివారు లేరు. వారు మొదట కంటి వైద్యులు కాదలచుకోలేదు. వడమలాపురం గ్రామంలో చిన్నతనాన తమ బంధువుల ఆడపిల్లలు ముగ్గురు గర్భం మోస్తూ చనిపోవడం చూచి, కాన్పుల డాక్టరు కావాలనుకొన్నారు. కీళ్ళవాతంతో వ్రేళ్ళు వంకరపోయి ఆ కోరిక తీరలేదు. పల్లెలో డాక్టరు లేని కాలంలో అవ్వల ధైర్యం ఒక్కటే చాలలేదనికూడా ఈ కథ చెబుతున్నది. రక్తపుపోటు, రక్తహీనత చూపించుకోకుండా పాటలు వింటూ కూర్చుంటే చాలదు.

మరి దూరాన ఉన్న మన పిల్లలు ఏమి చేయవచ్చు? మా వదినగారు రెండవ మనుమరాలి విషయంలో చేసింది చెబుతాము. ఆరవ నెల నిండగానే రాత్రి తొమ్మిది గంటలకు ఫోను చేసేవారు. ఆ పిల్ల ఎడమ ప్రక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకొని పడుకొనేది. నుదురు, దవడ, భుజాలు, అరచేతులు, కాళ్ళు, ఒక్కొక్కటే వదులు చెయ్యమని చెప్పేవారు. ఊపిరి తీయడంకంటె విడవడం నిదానంగా ఉండాలి. బిడ్డ కదిలితే చెయ్యి అక్కడ ఉంచమనేవారు. మనసు లెక్కలవైపు పోతే పోనీ, కోపగించుకోక మళ్ళీ ఊపిరిదగ్గరకు రమ్మనేవారు. పది నిమిషాలు, ఆపైన ఒక పాట. ఎనిమిదవ నెలలో ఆ ఊరిలోనే పాలిచ్చే తెలుగు తల్లి ఇంటికి రెండుసార్లు పంపి, బిడ్డను ఎట్లా పట్టుకొంటారో, నోరు ఎంత తెరిస్తే అందిస్తారో చూసి రమ్మన్నారు. ఆసుపత్రివారికి ముందుగానే కాగితం వ్రాసి ఇప్పించారు: మేము అడగకుండా సీసా తేవద్దు అని.

కాన్పునాటి రాత్రి కూడా తొమ్మిదికి ఫోను మ్రోగింది. వదినగారు పాట ఎత్తుకోగానే అవతల బిడ్డ ఏడుపు ఆపిందని ఆ పిల్ల చెప్పింది. తల్లి గొంతు పుట్టకముందే బిడ్డకు గుర్తుంటుందని పరిశోధకులు అంటారు. ముత్తవ్వ గొంతు సంగతి వారు పరీక్షించినట్టు లేదు. వదినగారు మాత్రం ఏమీ అనకుండా రెండవ చరణం అందుకొన్నారు.