ప్రబంధశబ్దార్థ పరిణామము

గుండ్లకమ్మ తీరమునందలి యద్దంకిలో, 14వ శతాబ్దిని, ప్రోలయవేమారెడ్డి కాస్థానకవియైన యెఱ్ఱాప్రగ్గడకు ‘ప్రబంధపరమేశ్వరుఁ’ డను బిరుదము గలదు. ఇందలి ప్రబంధశబ్దమునకు 16వ శతాబ్దినాఁటి మనుచరిత్రాదుల లక్షణమును అర్థముగాఁ గొనుట పొరపాటు. ప్రపూర్వకమగు బంధధాతువునకు ఘఞ్‌ప్రత్యయము చేరఁగా నేర్పడిన యీ శబ్దమునకుఁ ‘జక్కఁగాఁ గూర్పఁబడినది’ యని వ్యుత్పత్త్యర్థము. తిక్కన తన పదునైదు భారతపర్వములను ‘ప్రబంధమండలి’ యనుట యీ యర్థముననే. ఏకనాయకాశ్రయము, శృంగారప్రాధాన్యము, అష్టాదశవర్ణనములు ననునవి పిమ్మటఁ జేరిన విశేషార్థములు. నృసింహపురాణమందలి వర్ణనము లా మార్గమునకుఁ దోడ్పడినమాట నిజమే. ఐనను హరివంశ నృసింహపురాణములను రాయలనాఁటి కొలఁదితోఁ గొలిచి కొఱఁత యెన్నుట కవికి నన్యాయము. పారిభాషికపదమునకు ముందు కాలనిర్ణయము చేసి, పిదప గుణదోషవిచారమునకుఁ బూనుట విమర్శకులకుఁ గర్తవ్యము.