అరళు మరళు నుంచి అల్జీమర్స్ దాకా

మా మడకశిర వైపు కన్నడంలో ఒక సామెత ఉంది: "అరవత్తక్కె అరళు మరళు". అరవై దాటితే మతి తప్పుతుందని భావం. తెలుగులో మనం "చాదస్తం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. నా చిన్నతనంలో కొత్తచెరువులో ఇంటిదారి మరచి తిరిగే ముసలివాళ్లను ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టేవారు. అది జబ్బని ఎవరూ అనుకోలేదు, డాక్టరు వద్దకు తీసుకుపోయినవారూ లేరు.

లోకం కూడా ఆలస్యంగానే గుర్తించింది. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో అగస్టె డీటర్ అనే 51 ఏళ్ల ఇల్లాలిని ఆలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు పరీక్షించారు. పేరు రాయమంటే ఆమె మధ్యలోనే మరచిపోయేది. 1906లో ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శినిలో చూసి, తాను కనుగొన్నది ఆ నవంబరులోనే వైద్యుల సభలో చెప్పారు. 1910లో క్రెపెలిన్ అనే పెద్ద డాక్టరు తన గ్రంథంలో ఆ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టారు. మన దేశంలో ఈ రోగుల కోసం ఒక సంఘం 1992లో కేరళలో మొదలైంది. 2023లో వెలువడిన అంచనా ప్రకారం 60 పైబడిన భారతీయుల్లో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు.

తెలుగువారు ముఖ్యంగా తెలుసుకోవలసినది హైదరాబాదు పరిశోధన. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలు చూసి 2013లో ఫలితం ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు, ఒకే భాష వారికంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందట. అంతకుముందు కెనడాలోనూ ఇలాంటిదే తేలింది గానీ, అక్కడ రెండు భాషల వారిలో ఎక్కువమంది వలస వచ్చినవారు కావడంతో అనుమానం మిగిలింది. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. తెలుగు, ఉర్దూ పుట్టినప్పటినుంచీ వీధిలో వినిపించేవే. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది కనుక అది బడి చదువు వల్ల వచ్చినది కాదు. తర్వాత ఇతర దేశాల్లో జరిగిన పరిశీలనలన్నీ ఇదే మాట చెప్పలేదన్నది కూడా గమనించాలి. పైగా ఆలస్యమంటే రాకపోవడం కాదు.

ఆ లెక్కన మా సరిహద్దు వారు అదృష్టవంతులే. అనంతపురం జిల్లాను 1882లో బళ్ళారి నుంచి విడదీశారు. 1953లో బళ్ళారిలో ఎక్కువ భాగం మైసూరుకు పోయింది. గీతలు మారినా సంతలో భాష మారలేదు. అమరాపురం, రొళ్ళ, గుడిబండ ఇళ్లలో నేటికీ కన్నడమే.

మా ఇంటావిడది అమరాపురం వైపు. 1973లో కాపురానికి వచ్చినప్పుడు నన్ను "రీ" అని పిలిచేది. మా అమ్మకు నచ్చలేదు. నెల తిరిగేసరికి "ఏమండీ" నేర్చుకుంది, ఏడాదిలో తెలుగు అక్షరాలూ దిద్దింది. పిల్లలకు ఎక్కాలు చెప్పింది తెలుగులోనే. అయిదేళ్ల కిందట బెంగళూరులో డాక్టరు ఈ జబ్బేనని తేల్చారు. అప్పటినుంచి వెనుక నేర్చినది ముందు పోతోంది. కోడలి మాట అర్థం కావడం లేదు. మా మనుమరాలు బెంగళూరు బడిలో నేర్చిన కన్నడంతో ఫోనులో "అజ్జీ, ఊట ఆయ్తా?" అంటే మాత్రం "ఆయ్తు కణే" అని తడుముకోకుండా బదులిస్తుంది. నేను మళ్లీ "రీ" అయ్యాను. నిజం చెప్పాలంటే ఆ పిలుపు నాకు మొదటినుంచీ ఇష్టమే.

నాకున్న దిగులు మరొకటి. నా తర్వాత కుటుంబ పెన్షన్ ఆమెదే. పోయినేడు మా ఉమ్మడి ఖాతా కాగితం మీద సంతకం పెట్టమంటే కన్నడంలో పెట్టింది. బ్యాంకులో ఉన్న నమూనా తెలుగులోది. కౌంటరు దగ్గరి కుర్రాడు కాగితం తిప్పి ఇచ్చేశాడు. సంతకం చేయలేని వృద్ధుల విషయంలో బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షుల ఎదుట వేలిముద్ర తీసుకోవచ్చనీ, ఆ సాక్షుల్లో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి కావాలనీ రిజర్వు బ్యాంకు సూచనలున్నాయి. ఇంట్లో ఇలాంటివారున్న సభ్యులు ఆ మాట మేనేజరుకు గుర్తుచేయండి. నేను అలాగే చేశాను. ఆమె వేలు పట్టి ముద్ర వేయిస్తుంటే "ఇదు యాకె, రీ?" అని అడిగింది. ఎందుకో నాకొచ్చిన కన్నడంలోనే చెప్పాను. తల ఊపింది.