యాడ్ బ్లాకర్‌ను దాటివచ్చే ప్రకటనలు
యాడ్ బ్లాకర్ అనగా బ్రౌజరులో అమర్చుకొనే ప్రకటన నిరోధకం. ప్రకటనలు పంపే సర్వర్ల చిరునామాల జాబితాను చూచి అది వాటిని ఆపివేస్తుంది. జాబితాలో లేని చిరునామా నుండి గాని, వార్త వచ్చే సర్వరు నుండే గాని వచ్చిన ప్రకటన తరచుగా దాటిపోతుంది. కొన్ని నిరోధకాలు తామే తలుపు తెరుస్తాయి. యాడ్‌బ్లాక్ ప్లస్ 2011 నుండి కొన్ని ప్రకటనలను అనుమతిస్తున్నది. పెద్ద సంస్థలు అందుకు రుసుము చెల్లిస్తాయి. ఇష్టం లేనివారు సెట్టింగులలో దానిని మాన్పుకొనవచ్చును.

చంద్రపూర్, బల్లార్షా, రాజురా ప్రాంతాల తెలుగు ఇండ్లలో అంతర్జాలమంటే ఎక్కువగా సెల్‌ఫోనే. ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్‌లో ఇటువంటి ఎక్స్‌టెన్షన్లు అమర్చుకొనే వీలు లేదు, ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నది. ఇతర యాప్‌లలోని ప్రకటనలు బ్రౌజరు నిరోధకానికి అందవు.

అన్నిటికంటె మోసకరమైనది నోటిఫికేషన్. మరాఠీలోనో హిందీలోనో అడిగిన ప్రశ్నకు పిల్లలు అర్థం కాకుండానే 'అనుమతించు' అని నొక్కుతారు. ఆపై ఫోను తెరపై వచ్చిపడే ప్రకటనలను నిరోధకం ఆపలేదు. మన ఇండ్లలోని బెడదలో సగం ఇదేనని నా అభిప్రాయం. క్రోమ్ సెట్టింగులలో 'నోటిఫికేషన్లు' తెరిచి, పరిచయం లేని సైట్లను తొలగించవలెను.

'మీ ఫోనుకు వైరస్ సోకినది' వంటి ప్రకటనను నమ్మి డబ్బు పోగొట్టుకొన్నచో వెంటనే 1930కు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేస్తే, సొమ్మును బ్యాంకులో నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ. మహారాష్ట్రకును తెలంగాణకును ఈ సంఖ్య ఒక్కటే.